కుంచె సందేహాలు: ఆ ఆకుపచ్చ గోడ ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న: ఆయిల్ కలర్స్ నేర్చుకుందామని, జర్మన్ చిత్రకారుడు కెర్స్టింగ్ 1812 ప్రాంతంలో వేసిన, ఎంబ్రాయిడరీ చేసుకుంటున్న యువతి బొమ్మ ప్రింటు ముందు పెట్టుకుని మూడు వారాలుగా కుస్తీ పడుతున్నాను. మనిషి కాస్త కుదిరింది గానీ, వెనకాల గోడ మా ఇంటికి కొట్టిన డిస్టెంపర్‌లా ఉంది. అద్దంలో ముఖమైతే తుడిచి వేసిన కొద్దీ బురదే. మానేసి పూలకుండీ ఏదైనా వేసుకోమంటారా?

జవాబు: మానకండి. మనిషి కుదిరిందన్నారు చూడండి, నా అనుమానం అక్కడే, మీరు మనిషితోనే మొదలుపెట్టి ఉంటారు. ఆ అమ్మాయి మనకు వీపు చూపించి కూర్చుంది, ముఖం కనిపించేది అద్దంలో మాత్రమే. మోడల్‌గా కూర్చున్నది లూయీజ్ జైడ్లర్, తనూ చిత్రకారిణే. పెళ్లాడవలసిన ఫ్రెంచి సైనిక వైద్యుడు స్పెయిన్‌లో చనిపోయాడు, గోడ మీద పూలతీగ చుట్టిన పటం అతనిదే అంటారు. ఇంత దిగులునీ ఆమె ముఖంలో కాకుండా ఆ గదిలో, కిటికీ వెలుగులో పెట్టాడు కెర్స్టింగ్, కాబట్టి గోడ తేలిపోతే బొమ్మే తేలిపోయినట్టు.

ఒక అట్టముక్కకు రెండు చిన్న చిల్లులు పెట్టండి, ఒకటి కిటికీ దగ్గరి గోడ మీద, ఇంకోటి దూరంగా మూల మీద వచ్చేలా ప్రింటుపై ఆనించి చూడండి, ఒకటే రంగు అనుకున్న ఆకుపచ్చ రెండు చోట్లా రెండు రకాలుగా కనిపిస్తుంది. ట్యూబులో వచ్చే ఆకుపచ్చ జోలికి పోకుండా ఎల్లో ఓకర్ అనే మట్టిపసుపు రంగులో ఐవరీ బ్లాక్ అనే నలుపు, కొంచెం తెలుపు కలిపి చూడండి, నల్లరంగులోంచి ఆకుపచ్చ పుట్టడం చూసి నేను మొదటిసారి నోరెళ్లబెట్టాను. మరీ చప్పగా ఉంటే ప్రషియన్ బ్లూ సూదిమొనంత, అంతకు మించితే గదంతా నీలమే.

ముఖం బురద కావడానికి కారణం తొందర. ఆయిల్ రంగు నీటిరంగులా ఆవిరైపోయి ఆరదు, అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది, దానికి రోజులు పడుతుంది. ముందు బొమ్మంతా రా అంబర్ అనే ముదురు గోధుమరంగు ఒక్కటే టర్పెంటైన్‌తో పల్చగా కలిపి వెలుగునీడలు వేసి ఆరనివ్వండి, అది త్వరగానే ఆరుతుంది. పైపొరల్లో నూనె పెంచుకుంటూ పోవాలి, తగ్గిస్తే తర్వాత పగుళ్లు. ముఖానికి మూడే మూడు ఛాయలు కలిపి పెట్టుకుని ఆరిన పొర మీద ఒకేసారి వేసి వదిలేయండి, కనురెప్పల జోలికి వెళ్లొద్దు. నూనె గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, నీళ్లలో ముంచి పడేయండి.

ప్రశ్న: తెలిసినవాళ్లు కొంటామంటున్నారు. నా సంతకం పెట్టొచ్చా?

జవాబు: కెర్స్టింగ్ 1847లోనే పోయాడు, కాపీరైట్ టెన్షన్ లేదు. సంతకం పెట్టండి, కాన్వాస్ వెనక ‘కెర్స్టింగ్ చిత్రం చూసి వేసినది’ అని రాయండి, కొనేవాళ్లకూ ఆ మాట చెప్పండి. సైజు మాత్రం అసలుదానికి సమానంగా వద్దు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో కాపీ చేసుకునేవాళ్లు అసలు కంటే కనీసం ఐదో వంతు పెద్దదో చిన్నదో వేయాల్సిందే.