ఎంఏ ఇంగ్లీషులో చేరాను కానీ ఒక్క ఎస్సే కూడా సరిగ్గా అర్థం కావట్లేదు సర్

ప్రశ్న: టెన్త్ దాకా తెలుగు మీడియం సర్, ఇప్పుడు ఎంఏ ఇంగ్లీష్ ఫస్టియర్. క్లాసులో ఇచ్చిన క్రిటికల్ ఎస్సే చదవడానికి రెండ్రోజులు పడుతోంది, అయినా ఏం గుర్తుండట్లేదు. అసైన్‌మెంట్ ఇస్తే మేడం "ఇదంతా సమ్మరీ, నీ ఆర్గ్యుమెంట్ ఏది" అని రాసిచ్చారు. స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్‌లో చేరనా? యూజీసీ నెట్ పరీక్ష రాసి పీహెచ్‌డీ చేయాలని ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ కోచింగ్ ఫీజు కట్టకు. నలుగురిలో మాట్లాడటానికి అది పనికొస్తుందేమో గానీ ఇరవై పేజీల ఎస్సే చదవడం వేరే పని. నీ ఇబ్బందిలో ఇంగ్లీష్ వాటా సగం కూడా లేదు. చిన్నప్పట్నుంచి మనకి చదవడమంటే బట్టీ పట్టడమే కదా, గైడ్‌లో సమ్మరీ, క్యారెక్టర్ స్కెచ్ కంఠతా పట్టి ఆన్సర్ షీట్ నింపేస్తే మార్కులు పడిపోయేవి, డిగ్రీ దాకా అదే నడిచింది. ఇంగ్లీష్ మీడియం పిల్లలు కూడా ఎంఏకొచ్చాక సరిగ్గా ఇక్కడే ఆగిపోవడం నేను చూస్తూనే ఉన్నా, కాబట్టి తెలుగు మీడియం అని కుంగిపోకు.

ఒక ఎస్సే తీసుకుని చెప్తా. నైజీరియా రచయిత చినువా అచెబే రాసిన 'యాన్ ఇమేజ్ ఆఫ్ ఆఫ్రికా' మీకు సిలబస్‌లో ఉండొచ్చు, లేకపోయినా చదువు. 1975లో మసాచుసెట్స్ యూనివర్సిటీలో ఆయన ఇచ్చిన లెక్చర్ అది, కాన్రాడ్ నవల 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' మీద. మొదట్లో ఆయన నడుచుకుంటూ పార్కింగ్ లాట్‌కి వెళ్తుంటే ఒక పెద్దాయన కలిసిన ముచ్చట ఉంటుంది, మనవాళ్లు అక్కడే డిక్షనరీ తీసి ప్రతి మాటకీ అర్థం రాసుకుంటూ అలసిపోతారు, అసలు విషయం ఆ తర్వాత వస్తుంది. అందుకే మొదటిసారి డిక్షనరీ ముట్టుకోకుండా చివరిదాకా చదివెయ్, ఈయన ఎవరితో గొడవ పడుతున్నాడు అన్న ఒక్కటే వెతుకు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని పేరాకి ఒక్క లైన్ మార్జిన్‌లో రాసుకో, తెలుగులోనే రాసుకో, తప్పేం లేదు. "ఆఫ్రికన్లని కించపరిచే ఆ మాటలు కాన్రాడ్‌వి కావు, కథ చెప్పే మార్లోవి" అని ఎవరైనా అంటారేమోనని అచెబే ముందే ఊహించి దానికి జవాబు చెప్పే చోటు ఒకటుంది చూడు, అక్కడ "ఎదుటివాళ్ల మాట తనే ఎత్తి కొట్టేస్తున్నాడు" అని రాసుకున్నావంటే నీకు చదవడం వచ్చేసినట్టే, ఎందుకంటే ఆయన ఏమన్నాడో కాదు ఏం చేస్తున్నాడో నువ్వు పట్టుకున్నావ్.

ఇప్పుడు మీ మేడం మాటకొద్దాం. అచెబే కాన్రాడ్‌ని జాత్యహంకారి అన్నాడు అని రాస్తే సమ్మరీ. ఆ నవలలో ఆఫ్రికన్ల నోట ఇంగ్లీష్ మాటలొచ్చేది రెండే చోట్ల అని ఆయన చూపిస్తాడు, నువ్వు నవల తెరిచి ఆ రెండు చోట్లా చదివి, ఆయన అంటున్నది అక్కడ నిలబడుతుందా, ఎంతవరకు నిలబడుతుంది అని తేల్చి, ఎందుకో నవలలో మాటలే చూపించి రాస్తే అది ఆర్గ్యుమెంట్. ఆయనతో ఒప్పుకున్నా పర్లేదు, ఒప్పుకోడానికి నీ కారణం నీకుండాలి. చాట్ జీపీటీతో సమ్మరీ చేయించుకుని చదవడం మాత్రం ఈ రెండేళ్లు మానెయ్ తల్లీ, నువ్వు నేర్చుకోవాల్సిన పనే దానికి అప్పజెప్తే ఇంక నీకేం మిగులుతుంది చెప్పు.

రాయడం రోజూ ఉండాలి, ఒక పేజీ చాలు. చదివింది మూసేసి నీ మాటల్లో రాయి, తర్వాత తెరిచి పోల్చుకో. చూస్తూ రాస్తే తెలీకుండానే వాళ్ల వాక్యం వచ్చేస్తుంది, రేపు పీహెచ్‌డీలో అదే ప్రాణం మీదకొస్తుంది. 2018 యూజీసీ రూల్స్ ప్రకారం సిమిలారిటీ, అంటే వేరేవాళ్ల రాతతో పోలిక, 10 శాతం దాటితే థీసిస్ దిద్ది మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. వాక్యం ఎలా మొదలెట్టాలో తోచకపోతే మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ల అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ ఇంటర్నెట్‌లో ఫ్రీగా ఉంది చూడు. శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో మన యూనివర్సిటీల థీసిస్‌లు దొరుకుతాయి, అన్నీ బాగుంటాయని కాదు, ఒక పదింటి ఇంట్రడక్షన్‌లు చదివితే ఏది బాగుందో నీకే తెలుస్తుంది.

నెట్ గురించి ఒక్క మాట. 150 ప్రశ్నలు, 300 మార్కులు, అన్నీ ఆప్షన్లు పెట్టేవే. ఒక్క పేరా రాయకుండా నెట్ కొట్టేయొచ్చు, కానీ ఆ తర్వాత సినాప్సిస్, అంటే ఏం పరిశోధన చేస్తావో చెప్పే ప్లాన్, రాయమంటే చేతులాడని వాళ్లని చాలామందిని చూశా, చాలా బాధేస్తుంది. అందుకే నెట్ బిట్లు సెకండియర్‌లో మొదలుపెట్టినా చాలు, ఈ ఏడాదంతా రాయడం మీదే ఉండు.

మేడం ఇచ్చిన అసైన్‌మెంట్ పారెయ్యకు. అందులో ఒక్క పేరా తిరగరాసి ఈ వారంలోనే పట్టుకెళ్లి "మేడం, ఇప్పుడు ఇందులో నా మాట కనిపిస్తోందా" అని అడుగు. అంత శ్రద్ధగా కామెంట్ రాసిన టీచర్ కాదనరు, భయపడకుండా వెళ్లు.