తెర మీద భయం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఈ మధ్య హారర్ సినిమాల్లో కాసేపు నిశ్శబ్దం, ఆ వెంటనే చెవులు చిల్లులు పడే శబ్దం తప్ప మరేమీ కనిపించడం లేదు. దీన్ని భయపెట్టడం అనవచ్చా?

జవాబు: అనలేము. వెనక నుంచి ఎవరు గట్టిగా అరిచినా ఉలిక్కిపడతాం. దానికి సినిమా దాకా వెళ్ళనక్కరలేదు. అలాగని ఆ పద్ధతినే తప్పుపట్టడం న్యాయం కాదు. 1942లో జాక్ టూర్నర్ దర్శకత్వంలో వచ్చిన ‘క్యాట్ పీపుల్’లో, రాత్రివేళ ఒక గోడ పక్కన ఒంటరిగా నడుస్తున్న స్త్రీని, తాను చిరుతగా మారిపోతానని భయపడే మరో స్త్రీ వెంబడిస్తూ ఉంటుంది. సంగీతం ఉండదు, రెండు జతల చెప్పుల చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. ఉన్నట్టుండి వెనక చప్పుడు ఆగిపోతుంది. ముందు నడుస్తున్నామె తిరిగి చూస్తే ఎవరూ ఉండరు, ఆమె నడక పరుగవుతుంది, మృగమేదో దూకబోతోందని మనం ఊపిరి బిగబట్టిన క్షణంలో బుసకొట్టినట్టు బ్రేకుల చప్పుడుతో ఒక బస్సు వచ్చి ఆగుతుంది. ప్రేక్షకులు ఉలిక్కిపడేది బస్సుకే అయినా, వారిని అందుకు సిద్ధం చేసింది అంతకుముందు ఆగిపోయిన ఆ అడుగుల చప్పుడు. నేటి దర్శకులలో చాలామంది బస్సును తీసుకున్నారు గానీ, ఆ నడకను వదిలేశారు.

శబ్దం మీద నాకు విరోధం లేదు. 1960 నాటి ‘సైకో’లో స్నానాల గది హత్యకు సంగీతమే వద్దని దర్శకుడు హిచ్‌కాక్ మొదట అనుకున్నారు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ కేవలం తీగ వాద్యాలతో కూర్చిన బాణీ విన్నాక మనసు మార్చుకున్నారు. ఆ వయొలిన్లు లేకుండా ఆ దృశ్యాన్ని ఈ రోజు ఊహించుకోలేం.

ప్రశ్న: హంతకుడెవరో మొదట్లోనే చెప్పేస్తే థ్రిల్లర్‌లో ఇక చూడటానికి ఏం మిగులుతుంది?

జవాబు: అసలు సినిమా అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు త్రూఫోకు ఈ సంగతినే బల్ల కింద బాంబు ఉదాహరణతో వివరించారు. బాంబు ఉందని తెలియకుండా పేలితే ప్రేక్షకుడికి దక్కేది 15 సెకన్ల ఆశ్చర్యం. ముందే తెలిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. ఆయన తీసిన ‘డయల్ ఎం ఫర్ మర్డర్’ (1954) ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. అందులో భర్త తన భార్యను చంపడానికి ఒకడిని కుదుర్చుకుని, ఆమె ఫోన్ దగ్గరకు వచ్చేలా నిర్ణీత సమయానికి ఇంటికి ఫోన్ చేయాలి. తీరా చూస్తే చేతి గడియారం ఆగిపోయి ఉంటుంది. ఫోన్ దగ్గరకు పరుగెత్తితే అక్కడ ఇంకెవరో మాట్లాడుతూ ఉంటారు. ఇంట్లో తెర వెనక దాక్కున్నవాడు విసుగెత్తి వెళ్ళిపోబోతాడు. అప్పుడు మన గుండె కొట్టుకునేది భార్య కోసం కాదు, భర్త పథకం ఎక్కడ బెడిసికొడుతుందోనని! ప్రేక్షకుణ్ణి పక్కకు నెట్టి హంతకుడి పక్షాన నిలబెట్టిన ఇంత గడుసుతనం చివరి మలుపుల మీదే ఆధారపడే థ్రిల్లర్లలో అరుదు. మలుపు తెలిశాక రెండోసారి చూడబుద్ధి కాని సినిమాను మంచి థ్రిల్లర్ అనడానికి నాకు మనసొప్పదు.

ప్రశ్న: దెయ్యాన్నో, రాక్షసినో పూర్తిగా చూపించడం మంచిదా, చూపించకపోవడమా?

జవాబు: చూపించకపోవడమే గొప్ప అని విమర్శకులు ఒక సూత్రంలా వల్లిస్తూ ఉంటారు. ‘జాస్’ (1975) వారికి తిరుగులేని సాక్ష్యం. యంత్రపు సొరచేప సముద్రపు నీటిలో మాటిమాటికీ మొరాయించడంతో దర్శకుడు స్పీల్‌బర్గ్ దాన్ని చాలావరకు దాచిపెట్టక తప్పలేదు. సొరచేపకు తగిలించగా నీటి మీద పరుగెత్తే పసుపు పీపాలే దాని ఉనికిని చెప్పాయి. కానీ జాన్ కార్పెంటర్ ‘ది థింగ్’ (1982) సంగతేమిటి? అందులో ఏ మనిషి రూపాన్నైనా ధరించగల ఒక జీవి ఉంటుంది. రాబ్ బాటిన్ తయారుచేసిన ఆ వికృతాకారాలను నిండు వెలుగులో చూపించినా భయం తగ్గదు, ఎందుకంటే ఆ జీవి ఏ మనిషి రూపంలో ఉందో మనకు తెలియదు. అందరినీ కట్టేసి, ఒక్కొక్కరి నెత్తుటిలో కాల్చిన తీగ ముంచి పరీక్షించే దృశ్యంలో ఆ తీగ నెత్తురును తాకిన ప్రతిసారీ ప్రాణం గొంతులోకి వస్తుంది. ఆకారాన్ని చూపించినా ఫరవాలేదు. అది ఎక్కడుందన్నది దాచగలగాలి. విడుదలైనప్పుడు ఈ సినిమాను ఆదరించినవారు తక్కువ.

ప్రశ్న: ఇలాంటి సినిమాలకు పెద్ద అవార్డులు ఎందుకు రావు?

జవాబు: అరుదే గానీ, అసలు రాకుండా లేవు. 1991 నాటి ‘ది సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్’ ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే విభాగాల్లో 5 ఆస్కార్లు గెలుచుకుంది. అయితే దాన్ని హారర్ అనడానికి ఇప్పటికీ కొందరు మొహమాటపడి, థ్రిల్లర్ అని సర్దుకుంటారు.

ప్రశ్న: నాకు భయం ఎక్కువ. హారర్ చూడాలనుంటుంది, ధైర్యం చాలదు. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు: పైన చెప్పిన ‘క్యాట్ పీపుల్’తో మొదలుపెట్టండి. నలుపు తెలుపు చిత్రం, నిడివి గంటంబావు లోపే, నెత్తురు దాదాపు కనిపించదు. అది నచ్చితే ‘జాస్’ చూడండి. ‘ది థింగ్’ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళకండి.