సినిమా సందేహాలు: దెయ్యం సినిమాకి ఆస్కార్ ఎందుకు అందదు?

ప్రశ్న: జనం ఎగబడి చూసిన హారర్, సూపర్‌హీరో సినిమాలకి ఉత్తమ చిత్రం ఆస్కార్ ఎందుకు రాదు? జ్యూరీకి అవంటే చిన్నచూపా? (ఒంగోలు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆస్కార్‌కి జ్యూరీ ఉండదండీ. ఆ అవార్డులిచ్చే అకాడమీ సభ్యులు వేల సంఖ్యలో ఓట్లేస్తారు. చిన్నచూపు బొత్తిగా లేదనలేం. 1973 నాటి ‘ది ఎగ్జార్సిస్ట్’ దాకా ఉత్తమ చిత్రం నామినేషన్లలో హారర్ అడుగే పెట్టలేదు. కానీ అసలు చిక్కు ఓటింగ్ పద్ధతిలోనే ఉంది.

నామినేషన్లప్పుడు నటులకి నటులు, ఎడిటర్లకి ఎడిటర్లు ఓటేస్తారు. ఉత్తమ చిత్రానికి మాత్రం అందరూ వేస్తారు. గ్రాఫిక్స్, సౌండ్, మేకప్ వాళ్లు సాటివాళ్ల పనితనం పట్టుకుని ఈ సినిమాలకి పట్టం కడతారు. నటన, దర్శకత్వం దగ్గరికొచ్చేసరికి బండి ఆగుతుంది. సొరచేప సినిమా ‘జాస్’కి ఎడిటింగ్, సంగీతం, సౌండ్‌లో 3 ఆస్కార్లు వచ్చాయి, ఉత్తమ చిత్రం పోటీలోనూ నిలిచింది. స్పీల్‌బర్గ్‌కి మాత్రం దర్శకుడిగా నామినేషన్ కూడా దక్కలేదు. మోషన్ క్యాప్చర్‌లో (నటుడి కదలికల్ని రికార్డు చేసి కంప్యూటర్ బొమ్మకి అతికించే పద్ధతి) ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ గొల్లమ్‌గా నటించిన ఆండీ సెర్కిస్‌దీ అదే పరిస్థితి: విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ వచ్చింది, ఆయనకి నామినేషన్ లేదు.

2008 నాటి బ్యాట్‌మన్ సినిమా ‘ది డార్క్ నైట్’ 8 నామినేషన్లు తెచ్చుకుని కూడా ఉత్తమ చిత్రం పోటీలోకి రాకపోవడంతో పెద్ద గొడవే అయింది. 2009లో అకాడమీ ఆ జాబితాని 5 నుంచి 10కి పెంచింది. దాంతో గెలుపు లెక్కా మారింది. ఇప్పుడు ఓటరు ఒక్క సినిమాకి టిక్కు పెట్టి ఊరుకోడు, నచ్చిన వరసలో 1, 2, 3 అని ర్యాంకులిస్తాడు. సగానికి మించి మొదటి ర్యాంకులు ఎవరికీ రాకపోతే అట్టడుగు సినిమాని తీసేసి, దాని ఓట్లని ఆ ఓటర్ల తర్వాతి ఎంపికకి కలుపుతారు.

ఉదాహరణకి 100 ఓట్లనుకుందాం. హారర్ సినిమాకి 38, కుటుంబ కథకి 33, యుద్ధ చిత్రానికి 17, కామెడీకి 12 మొదటి ర్యాంకులు. ముందు కామెడీ పోతుంది. దాని 12లో 7 కుటుంబ కథకి, 5 యుద్ధానికి వెళ్లాయి. హారర్‌కి ఒక్కటీ రాలేదు, ఎందుకంటే దాన్ని ఇష్టపడనివాళ్లు ఏకంగా చివర్లో పడేశారు. ఇప్పుడు 38, 40, 22. తర్వాత యుద్ధం పోతుంది. దాని 22లో 18 కుటుంబ కథకి, 4 హారర్‌కి. చివరికి కుటుంబ కథ 58, హారర్ 42. మొదట ముందున్నది ఓడింది! వీరాభిమానులు కొందరున్న సినిమా కన్నా, ‘బాగానే ఉంది’ అనేవాళ్లు ఎక్కువున్న సినిమాకే ఈ పద్ధతి కలిసొస్తుంది.

ఈ లెక్కలోనూ ‘ది షేప్ ఆఫ్ వాటర్’, ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ గెలిచాయి. వింత జీవి వెనక ప్రేమకథ, మల్టీవర్స్ (సమాంతర ప్రపంచాలు) వెనక తల్లీకూతుళ్ల గొడవ ఉండబట్టే ఆ తరహా గిట్టనివాళ్లు కూడా రెండో మూడో ర్యాంకు ఇచ్చుంటారని మా అంచనా.

ప్రశ్న: ‘ఆర్ఆర్ఆర్’కి పాట ఒక్కదానికే ఎందుకొచ్చింది? (హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అంతర్జాతీయ చిత్రం విభాగానికి ఏ దేశమైనా ఒక్క సినిమానే పంపాలి. ఆ ఏడాది ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ని ఎంపిక చేసింది. దాంతో ‘ఆర్ఆర్ఆర్’ నేరుగా హాలీవుడ్ సినిమాలతో తలపడాల్సి వచ్చింది. పాట దారి వేరు. ముందు 15 పాటల షార్ట్‌లిస్ట్, అందులోంచి 5 నామినేషన్లు. ఈ రెండు వడపోతలూ సంగీత విభాగం సభ్యుల చేతిలోనే ఉంటాయి. ‘నాటు నాటు’ అది దాటేసి, 2023 మార్చిలో కీరవాణి, చంద్రబోస్‌లకి ఆస్కార్ తెచ్చింది.

ప్రశ్న: ఫైట్లకి ఆస్కార్ లేదా? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇన్నాళ్లూ లేదు. 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి స్టంట్ డిజైన్‌కి ఇస్తారు. తొలి అవార్డు 2028లో, నూరో ఆస్కార్ వేడుకలో. మన జాతీయ అవార్డులు ఈ విషయంలో ముందే ఉన్నాయి: ‘బాహుబలి 2’ యాక్షన్ డైరెక్షన్ అవార్డు కూడా తెచ్చుకుంది.