బడి మానిన పిల్లలు, ఊరి చదువు కేంద్రాలు: పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మాది కొండపి మండలంలోని ఒక గ్రామం. మధ్యలో బడి మానేసిన 14 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం మిత్రులం కొందరం కలిసి సామాజిక భవనంలో రెండేళ్లుగా సాయంకాలపు తరగతులు నడుపుతున్నాము. చుట్టుపక్కల మూడు ఊళ్ల వారు తమ దగ్గర కూడా ఇలాంటి కేంద్రం పెట్టమని అడుగుతున్నారు. దాతలు కూడా ముందుకు వస్తున్నారు. అయితే పొగాకు పనులు మొదలయ్యాక మా కేంద్రానికి సగం మంది కూడా రావడం లేదు. విస్తరించమంటారా, ఆగమంటారా? — ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

సమాధానం: ఇప్పుడే కొత్త కేంద్రాలు తెరవవద్దని నా సలహా. దాతలు తలుపు తడుతున్న సమయంలో ఈ మాట మీకు రుచించకపోవచ్చు. కాని పొగాకు పనుల కాలంలో సగం మంది రావడం లేదని మీరు చివర రాసిన వాక్యమే ఉత్తరం మొత్తంలో ముఖ్యమైనది. ఆ మూడు ఊళ్లూ పొగాకు పండించే ఊళ్లే కాబట్టి, ఈ లోటును సరిచేయకుండా వెళితే ఒకచోట ఉన్న ఇబ్బంది నాలుగు చోట్లకు పాకుతుంది.

పిల్లలకు ఆసక్తి తగ్గిందని మాత్రం అనుకోకండి. సంక్రాంతి దాటిన దగ్గర నుంచి ఆకు కోయడం, కర్రలకు కట్టడం, బ్యారన్‌కు (ఆకును వేడితో ఆరబెట్టే గదికి) ఎక్కించడం ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. బ్యారన్‌లో ఆకు పదునుకు రావాలంటే ఐదారు రోజుల పాటు రేయింబవళ్లు మంట ఆరకుండా, వేడి తప్పకుండా కనిపెట్టుకుని ఉండాలి. రాత్రంతా మంట దగ్గర మేలుకున్న పదిహేడేళ్ల కుర్రవాడిని మర్నాడు సాయంత్రం ఏడు గంటలకు బీజగణితం నేర్చుకోమనడం న్యాయం కాదు. పైగా రోజూ బడికి వెళ్లలేని వారి కోసం ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూలు) నిర్వహించే పదో తరగతి పరీక్షలు సాధారణంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో, అంటే సరిగ్గా మీ ఊళ్లో పని ముమ్మరంగా ఉన్న రోజుల్లోనే వస్తాయి. అందువల్ల మీ ఏడాది ప్రణాళికను బడి సెలవులను బట్టి కాకుండా ఊరి పనులను బట్టి వేసుకోండి. జూన్ నుంచి డిసెంబరు వరకు రోజూ సాయంత్రం తరగతులు గట్టిగా నడిపి, సంక్రాంతి లోపల పాఠాలు పూర్తిచేసి, పనుల కాలంలో ఆదివారం ఉదయం మాత్రమే రెండు మూడు గంటలు కూర్చోబెట్టండి. సార్వత్రిక విధానంలో అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయవలసిన అవసరం లేదు. ఒకసారి చేరితే ఐదేళ్ల పాటు ఆ ప్రవేశం చెల్లుతుంది కనుక, మార్చిలో రెండు సబ్జెక్టులు రాసి, మిగిలినవి వేసవిలో జరిగే అనుబంధ పరీక్షలకు పెట్టుకున్న పిల్లవాడు వెనుకబడినట్టు కాదు. ఈ సంగతి పిల్లలకే కాదు, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా విడమరచి చెప్పాలి. లేకపోతే ఒకసారి అన్నీ పాసు కాలేదని తెలియగానే మళ్లీ మానిపిస్తారు.

ఏం నేర్పుతున్నారో మీరు రాయలేదు. మీ ప్రాంతంలో గణితానికి పొగాకు వేలం కేంద్రంలో ఇచ్చే చీటీ కంటే మంచి పాఠ్యపుస్తకం దొరకదు. ఏడో తరగతిలో బడి మానిన పిల్లవాడు 140 కిలోల బేలుకు కిలో 230 రూపాయల చొప్పున 32,200 రూపాయలు వస్తుందని నోటితో చెప్పేస్తాడు. అదే లెక్కను కాగితం మీద గుణకారంగా వేయమంటే కలం కదలదు. అతనికి లెక్క రాదని కాదు, లెక్క రాసే పద్ధతి అలవాటు తప్పింది. చీటీ ముందు పెట్టుకుని బరువు, గ్రేడు, ధర, కోతలు వరుసగా రాయించి, అక్కడి నుంచి శాతాలకు, శాతాల నుంచి వడ్డీకి తీసుకెళ్లండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని, 50,000 అప్పు మీద ఎనిమిది నెలలకు 8,000 కట్టవలసి వస్తుందని తన చేత్తో రాసుకున్న పిల్లవాడు మరునాడు తండ్రిని కూడా వెంటబెట్టుకుని రావచ్చు.

చదువును ఇలా బతుకుతో ముడిపెట్టడం ఈ ప్రాంతానికి కొత్త సంగతి కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో, ఊళ్లో సారాను ఆపిన మహిళల కథ ఉన్న పాఠాన్ని రాత్రి తరగతుల్లో చదువుకున్న దూబగుంట స్త్రీలు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ పోరాటం జిల్లా దాటి రాష్ట్రమంతా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికి దారితీసింది. పాఠం వాళ్ల జీవితాన్ని తాకింది, కేంద్రం వాళ్లదే అయింది. మీ కేంద్రం కమిటీలో విద్యార్థుల తల్లులు ఎంతమంది ఉన్నారు? ఒక్కరూ లేకపోతే ముందు వారిని చేర్చుకోండి. పని రోజుల్లో పిల్లవాడికి ఒక పూట వెసులుబాటు ఇవ్వాలా వద్దా అన్నది నిర్ణయించేది వాళ్లే.

ఇక విస్తరణ. మీరు ఒక నెల ఊళ్లో లేకపోయినా మొదటి కేంద్రం నడిచే రోజు వచ్చినప్పుడు రెండోదాని గురించి ఆలోచించండి. అడుగుతున్న ఊరి వాళ్లనే గది చూపమని, బడి మానిన పిల్లల జాబితా ఇంటింటికీ తిరిగి రాయమని, ఇంటరో డిగ్రీయో చదివిన ఇద్దరిని ఎంపిక చేసి నాలుగు నెలలు మీ దగ్గరకు పంపమని అడగండి. ఇద్దరు అంటున్నది ఎందుకంటే, చదువుకున్న యువతీయువకులు ఒంగోలుకో హైదరాబాదుకో ఉద్యోగానికి వెళ్లిపోవడం సహజం, వెళ్లాలి కూడా. దాతలకు గోడ మీద పేరు కనిపించే భవనాల మీద, కంప్యూటర్ల మీద మక్కువ ఎక్కువ. వారిని మర్యాదగానే, కాని స్పష్టంగా, బోధకులకు మూడేళ్ల గౌరవ వేతనం అడగండి. భవనం మీకు ఇప్పటికే ఉంది.

ప్రశ్న: కావలి దగ్గర మేము నడుపుతున్న కేంద్రానికి పది, పన్నెండేళ్ల పిల్లలు కూడా వస్తున్నారు. వారి కోసం పగటిపూట తరగతులు పెట్టి, ప్రత్యామ్నాయ పాఠశాల అని పేరు పెట్టుకోవచ్చా? — విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు జిల్లా

సమాధానం: అలా చేయవద్దండీ. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు పాఠశాల నడపాలంటే గుర్తింపు తప్పనిసరి. గుర్తింపు లేకుండా నడిపితే లక్ష రూపాయల వరకు జరిమానా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తే రోజుకు పదివేల వరకు అదనంగా పడవచ్చు. అయితే నేను వద్దనడానికి జరిమానా ప్రధాన కారణం కాదు. పదేళ్ల పిల్లకు రెండు గంటల కేంద్రం ఉందన్న ధైర్యంతో ఇంట్లో వాళ్లు ఆమెను పనికి పంపడం మొదలుపెడతారు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడికి చేర్చిన ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా గారి నాయకత్వంలో, పగలు పని, రాత్రి చదువు అనే ఏర్పాటును ఒప్పుకోకుండా, శిబిరాల్లో వంతెన కోర్సు (బడిలో చేరడానికి సిద్ధం చేసే చదువు) నడిపి పిల్లలను నేరుగా ప్రభుత్వ బడిలో కూర్చోబెట్టింది. ఆ పట్టుదలను మనమూ పాటించాలి. అదే చట్టంలోని 4వ సెక్షను పిల్లవాడిని వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చెబుతుంది. 14 నిండినా ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యే వరకు ఉచితంగా చదివే హక్కు కూడా అక్కడే ఉంది.

కాబట్టి చిన్నపిల్లలకు మీ కేంద్రం బడికి తిరిగి తీసుకెళ్లే దారి మాత్రమే కావాలి. ఉదయం బడి, సాయంత్రం మీ దగ్గర సాయం. ప్రధానోపాధ్యాయులతో మీకున్న పరిచయం ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది. 14 దాటిన వారి విషయం వేరు. వారికి మీ కేంద్రం సార్వత్రిక పదో తరగతి పరీక్ష వైపు నడిపించాలి. ఆ ధ్రువపత్రం పై చదువులకు, ఉద్యోగాలకు మామూలు పదో తరగతితో సమానం. సంస్థగా నమోదు కావాలంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు చాలు. పేరులో పాఠశాల అన్న మాట లేకుండా చూసుకోండి.

ప్రశ్న: ఇందుకూరుపేట మండలంలో రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే యానాది కుటుంబాల పిల్లలు మా కేంద్రానికి వస్తున్నారు. చాలామందికి జనన ధ్రువపత్రం లేదు. పరీక్షకు ఎలా పంపాలి? — ఒక వాలంటీరు

సమాధానం: 14 ఏళ్ల లోపు పిల్లలకు బడిలో చేరడానికి వయసు ధ్రువపత్రం లేదన్న కారణం చెల్లదని విద్యాహక్కు చట్టమే చెబుతుంది. ఎవరైనా కాదంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. పెద్దపిల్లలకు సార్వత్రిక పదిలో చేరేటప్పుడు పుట్టిన తేదీకి ఆధారం కావాలి. కొద్దికాలమైనా ఏదో ఒక ప్రభుత్వ బడిలో చదివి ఉంటే అక్కడి ప్రవేశ రిజిస్టరులో తేదీ ఉంటుంది. కుటుంబం చెరువు నుంచి చెరువుకు మారినా ఆ రిజిస్టరు మాత్రం బడిలోనే ఉంటుంది కనుక, మొదట ఆ బడులకు వెళ్లి రికార్డు షీటు తీసుకోండి. అసలు బడి మొహమే చూడని వారికి ఆలస్య జనన నమోదు చేయించాలి. ఏడాది దాటిన జననాల నమోదు పద్ధతి జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణతో మారింది. ఇప్పుడు జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు (ఆర్డీవో), లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వుతో నమోదు జరుగుతుంది. ఒక్కొక్కరిని విడివిడిగా తిప్పి కూలి పోగొట్టకుండా, పది పన్నెండు కుటుంబాల దరఖాస్తులు ఒకేసారి సిద్ధం చేసి ఆర్డీవో కార్యాలయానికి మీరు వెంట వెళ్లండి.

ఒక మాట మనసులో పెట్టుకోండి. ఈ పిల్లలు తరగతిలో నోరు విప్పకపోతే మందకొడి అని తేల్చేయకండి. ఆటుపోట్లను, చేపల కదలికను, నీటి రంగును బట్టి చెరువు స్థితిని చెప్పగలిగిన పిల్లలు వాళ్లు. విజ్ఞానశాస్త్రం పాఠాన్ని చెరువు గట్టు మీద మొదలుపెట్టి చూడండి.

ప్రశ్న: కనిగిరి ప్రాంతంలో మా కేంద్రానికి ఆడపిల్లలను సాయంత్రం పంపడానికి తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

సమాధానం: వారి భయాన్ని తప్పుపట్టకుండా వేళ మార్చండి. మధ్యాహ్నం భోజనాల తర్వాత రెండు గంటలు, ఊరి నడుమ ఉన్న గదిలో, మహిళా బోధకురాలితో నడపండి. బోధకులు ఏ పిల్లతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా కూర్చోకూడదన్న నియమం రాసి గోడకు అంటించండి. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి అన్న సంగతి కమిటీలో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. 18 నిండకుండా పెళ్లి మాట వినిపిస్తే 1098కి ఫోను చేయవచ్చు. వలస వెళ్లే కుటుంబాల్లో పిల్లను ఎక్కడ వదలాలో తెలియకే వెంట తీసుకుపోతారు, లేదా తొందరపడి పెళ్లి చేస్తారు. అలాంటి ఇంటి పిల్లకు మీ కేంద్రం కన్నా కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం మేలు. బడి మానిన బాలికలకు అక్కడ ఆరో తరగతి నుంచి వసతితో చదువు ఉంది. కుటుంబం గుంటూరు మిరప కోతలకు బయలుదేరక ముందే మండల విద్యాశాఖాధికారిని కలిసి సీటు సంగతి అడగండి.