గన్నేరు ఏపుగా పెరుగుతోంది కానీ పూయడం లేదు, ఏం చేయాలి?

నాటి రెండేళ్లయిందని, రోజూ నీళ్లు పోస్తున్నా కింది ఆకులు పసుపెక్కి రాలుతున్నాయని, గోడ నీడలో పొడుగ్గా సాగుతోందే తప్ప ఒక్క పువ్వూ లేదని రాశారు. ముందు ఆ రోజువారీ నీళ్లు ఆపేయండి. ముదిరిన ఆకులు అడపాదడపా రాలడం మామూలే. కానీ పాదు ఎప్పుడూ తడిగా ఉండి అన్ని కొమ్మలకీ పసుపు తిరుగుతోందంటే వేళ్లకి గాలి అందడం లేదన్నమాట.

గన్నేరు ఆకు వెనక్కి తిప్పి భూతద్దంతో చూడండి, చిన్న చిన్న గుంటలు, వాటి నిండా నూగు కనిపిస్తాయి. పత్రరంధ్రాలు, అంటే ఆకులోని తేమ ఆవిరై బయటికి పోయే సన్నని రంధ్రాలు, ఆ గుంటల్లోనే దాక్కుని ఉంటాయి. అందుకే వడగాలిలోనూ తేమ అంత త్వరగా పోదు. ఇలాంటి మొక్కకి రోజూ నీళ్లెందుకు? నేల రెండంగుళాల లోతు దాకా పొడిబారాక, పోసేదేదో వేళ్లకి అందేలా పోయండి. నేను వేలు గుచ్చి చూసి తడి తగిలితే పోయను, అంతే. కుండీ సంగతి వేరు. అందులో మట్టి కొంచెమే కాబట్టి మండు వేసవిలో రోజూ అడిగినా అడుగుతుంది. కరువుని తట్టుకుంటుందన్న పేరు నేలలో వేళ్లు దిగిన మొక్కకే.

ఇక పూల విషయం. రోజుకి కనీసం ఆరు గంటల నేరుటెండ పడకపోతే ఎంత ఎరువేసినా దండగే. యూరియా లాంటివి వేస్తే ఆకులు ఇంకా గుబురుగా వస్తాయి, పూలు మాత్రం వెనకబడతాయి. మీది ఇప్పటికే సాగిపోయింది కాబట్టి ఎరువు జోలికే వెళ్లకండి. వీలైతే ఎండ తగిలే చోటికి మార్చండి. పెకలించడం కష్టమైతే రెండు కొమ్మలు కోసి నీళ్ల సీసాలో పెట్టండి, తేలిగ్గానే వేళ్లొస్తాయి.

పూలు వచ్చేది కొత్త చిగుళ్ల కొసనే. అందుకే మొగ్గలేసే ముందు కత్తెర పట్టుకోకూడదు. పూత విడత అయ్యాక, కణుపుకి కాస్త పైన కోయండి. గన్నేరుకి ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఆకులు ఉంటాయి కదా, కోసినచోట ఒక్కోసారి మూడు చిగుళ్లూ లేస్తాయి. మా చెట్లు గుబురుగా ఉండటానికి కారణం ఇదే, వేరే చిట్కా ఏమీ లేదు.

లేత కొసలకి పసుపు రంగు పేనుబంక పడుతుంది. నేను మందు కొట్టను, నీళ్ల పైపుతో గట్టిగా కొడితే చాలావరకు రాలిపోతుంది. తలవైపు రెండు నీలి కళ్లలాంటి మచ్చలున్న లావుపాటి ఆకుపచ్చ పురుగు కనబడితే హడలిపోకండి. అది గన్నేరు ఆకులు తిని పెరిగే ఒక చిమ్మట పిల్ల. నాలుగు ఆకులు తింటే చెట్టుకొచ్చే నష్టమేమీ లేదు, నేనైతే వదిలేస్తాను.

మీరు అడగలేదు గానీ ఇదొక్కటి చెప్పాలి. ఆకు, పువ్వు, గింజ, కొమ్మ, చివరికి కొమ్మలు పెట్టిన నీళ్లు కూడా విషమే, గుండె మీద పనిచేస్తుంది. కోసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, పాలు కంట్లో పడనివ్వకండి. ఆ సీసా పిల్లలకి అందని చోట పెట్టండి. కోసిన కొమ్మలు పశువుల ముందు పడేయొద్దు, ఎండాక తగలబెట్టొద్దు కూడా, ఆ పొగా మంచిది కాదు.