సూత్రంలో అంకెలు వేసే ముందు బండి ఆగిందేమో చూడు

చి. అమ్మడికి, మావయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడిలో ప్లస్ టూ సైన్సులో చేరావు కాబట్టి ముందు తగిలేవి చలన సమీకరణాలే. వాటిని బట్టీ పట్టడానికి ఒక పూట చాలు. ఎక్కడ చెల్లవో తెలియకపోతేనే మార్కులు పోతాయి.

లెక్క చదవగానే ఐదు రాసుకో: తొలి వేగం యు, తుది వేగం వి, త్వరణం ఏ, కాలం టి, స్థానభ్రంశం ఎస్. మూడు ఇస్తారు, ఒకటి అడుగుతారు. ఇవ్వనిదీ అడగనిదీ ఏదో, అది లేని సూత్రం పట్టుకో. కాలం ఊసే లేదంటే వి² = యు² + 2 × ఏ × ఎస్. వేగం గంటకు కిలోమీటర్లలో ఉంటే ముందే 5/18తో గుణించెయ్యి.

ఇక బ్రేకు లెక్కలు. గుణుపూర్ బండి గంటకు 72 కిలోమీటర్ల మీద, అంటే సెకనుకు 20 మీటర్ల మీద ఉండగా బ్రేకు పడింది, త్వరణం −0.5 మీ/సె² అనుకో. 60 సెకన్లలో ఎంత దూరం పోతుంది? ఎస్ = యు × టి + ½ × ఏ × టి² లో వేస్తే 1200 − 900 = 300 మీటర్లు. తప్పు! వి = యు + ఏ × టి లో వి సున్నా పెట్టి చూడు: బండి 40 సెకన్లకే, 400 మీటర్ల దగ్గర ఆగిపోయింది. మిగిలిన 20 సెకన్లలో సూత్రం దాన్ని 100 మీటర్లు వెనక్కి నడిపించింది. బ్రేకు బండిని ఆపుతుందే గాని వెనక్కి నెట్టదు కదా తల్లీ. ఆగాక త్వరణం సున్నా. త్వరణం మారితే పాత సూత్రం అక్కడితో సరి. అందుకే బ్రేకు మాట కనబడితే ముందు ఆగే కాలం కట్టు.

పైకి విసిరిన రాయి సంగతి వేరు. పైన వేగం సున్నా అయిన క్షణంలోనూ గురుత్వ త్వరణం అలాగే ఉంటుంది, కాబట్టి రాకపోకలన్నీ ఒకే సమీకరణం. మహేంద్రతనయ నది నీటికి 15 మీటర్ల ఎత్తున్న వంతెన మీంచి సెకనుకు 10 మీటర్లతో రాయిని నిటారుగా పైకి విసిరారనుకో. పైదిశ ధనం అంటే ఎస్ = −15, ఏ = −10 (గురుత్వ త్వరణాన్ని సుమారుగా 10 అనుకుంటే). ఎస్ = యు × టి + ½ × ఏ × టి² లో వేస్తే టి² − 2టి − 3 = 0; టి 3 గాని −1 గాని వస్తుంది, జవాబు 3 సెకన్లు. −1 అంటే విసరకముందు కాలం, కొట్టెయ్యి. ఎస్ ను +15 అని వేస్తే వర్గమూలం కింద ఋణసంఖ్య వస్తుంది. కంగారుపడి లెక్క చెరిపెయ్యకు. ఈ రాయి 5 మీటర్లకు మించి ఎగరదు, 15 మీటర్ల పైకి ఎప్పటికీ చేరదు; సమీకరణం చెబుతున్నది అదే.

రెండు స్టేషన్ల మధ్య బండి లెక్కను మాత్రం మూడు ముక్కలు చెయ్యి: వేగం పెరిగేది, నిలకడగా పోయేది, తగ్గేది. ఒక ముక్క తుది వేగమే తర్వాతి ముక్కకు తొలి వేగం. టి, ఎస్ మాత్రం ప్రతి ముక్కకీ మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టు.

మీ మావయ్య