గవర్నర్ అవ్వాలంటే ఏ కోర్సు చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. ఇంజనీరింగ్ వద్దట, జడ్జి అయి ఆ తర్వాత గవర్నర్ అవుతానంటోంది. అసలు దీనికి దారి ఉందా? - ఒక తండ్రి, తెనాలి

జవాబు: దారి సగం వరకే ఉందండీ. జడ్జి ఉద్యోగానికి పరీక్ష ఉంది. గవర్నర్‌కి లేదు. 35 ఏళ్లు నిండిన భారత పౌరులెవరినైనా రాష్ట్రపతి నియమించవచ్చు. అంటే ఆచరణలో కేంద్ర ప్రభుత్వం తలచుకోవాలి. అందుకని ఆ రెండో సగాన్ని ప్లాన్‌లోంచి తీసేయండి.

అయితే మీ అమ్మాయి చెప్పినట్టే జరిగిన జీవితం ఒకటుంది. కేరళలోని పత్తనంతిట్టలో 1927లో పుట్టిన ఫాతిమా బీవీ కెమిస్ట్రీ డిగ్రీ చేశారు. ఆమెను లా వైపు పంపింది తండ్రే. 1950లో లాయరుగా ఎన్‌రోల్ అయ్యారు. 1958లో మున్సిఫ్, అంటే ఇప్పటి జూనియర్ సివిల్ జడ్జి లాంటి పోస్టు. జిల్లా జడ్జి కావడానికి 1974 దాకా పట్టింది. హైకోర్టుకు 1983లో, సుప్రీంకోర్టుకు 1989లో వెళ్లారు. సుప్రీంకోర్టులో తొలి మహిళా జడ్జి ఆమే. 1997లో తమిళనాడు గవర్నర్ అయ్యేసరికి 69 ఏళ్లు! ఆ పదవి కోసం మీ పాప ఇప్పటినుంచీ టెన్షన్ పడక్కర్లేదు.

అక్కడ అంతా సాఫీగా సాగిందా అంటే, లేదు. శిక్ష పడి ఎన్నికల్లో పోటీకి అనర్హురాలైన జయలలితతో 2001 మేలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. విమర్శలు చుట్టుముట్టాయి, జులైలో రాజీనామా చేశారు. సెప్టెంబరులో జయలలిత నియామకాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇలా పరీక్ష రాసి కింది కోర్టు నుంచి ఎదగడం మొదటి దారి. రెండో దారి నేరుగా బార్ నుంచి, అంటే లాయరుగా ఉంటూనే హైకోర్టు జడ్జి కావడం. మన ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వచ్చిన అబ్దుల్ నజీర్ 1983లో లాయరై, ఇరవై ఏళ్ల ప్రాక్టీసు తర్వాత కర్ణాటక హైకోర్టు జడ్జి అయ్యారు. సుప్రీంకోర్టులో రిటైరైంది 2023 జనవరిలో, గవర్నర్‌గా ప్రమాణం చేసింది ఫిబ్రవరిలో. ఇంత వెంటనే పదవులివ్వడం మంచిది కాదనేవాళ్లున్నారు. నా అభిప్రాయమూ అదే.

లాయర్ల కుటుంబం కాకపోతే నేను మొదటి దారే చెబుతాను, ఎందుకంటే అక్కడ మార్కులు మాట్లాడతాయి. ఇంటర్ అయ్యాక ఐదేళ్ల లా కోర్సుకు రాష్ట్ర ప్రవేశ పరీక్ష లాసెట్ రాయించండి. హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య లా వర్సిటీ కావాలంటే జాతీయ ప్రవేశ పరీక్ష క్లాట్ రాయాలి. ఒక సంగతి మాత్రం ముందే తెలుసుకోండి. 2025 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో సివిల్ జడ్జి పరీక్షకు లాయరుగా కనీసం మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరైంది. అంటే పాతికేళ్లు వచ్చేదాకా ఆమెకు చేతిలో పెద్దగా డబ్బు ఆడదు. ఆ మూడేళ్లు ఇంటినుంచి సాయం చేయగలరా లేదా, ఈ లెక్క ఇప్పుడే వేసుకోండి. జూనియర్‌గా చేరేది కూడా కేసులు నిజంగా విచారణకొచ్చే సీనియర్ దగ్గరైతే మంచిది. వాయిదాలు అడగడానికే పంపే ఆఫీసులో మూడేళ్లు గడిపితే సర్టిఫికెట్ వస్తుంది, పని రాదు.